ఇల్లిచ్చారు సరే... వేసవి సంగతేంటి?

రాత్రి పదకొండు దాటింది. అరుగు మీద కూర్చుంటే గాలి కాస్త హాయిగానే ఉంది. లోపలికెళ్లి ఫ్యాన్ వేస్తే మాత్రం ముఖానికి వేడిగాలి కొడుతోంది. గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఏప్రిల్, మే నెలల్లో లక్షలాది చిన్న ఇళ్లలో ఇదే పరిస్థితి. వాటిలో ప్రభుత్వం కట్టించి తాళాలు చేతికిచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్లు, టిడ్కో ఇళ్లు ఉన్నాయి. ప్రభుత్వ సాయంతో సొంత స్థలంలో కట్టుకున్న ఇందిరమ్మ ఇళ్లు, కాలనీ ఇళ్లూ ఉన్నాయి. మీలో కొందరు అలాంటి గదిలోనే కూర్చుని ఎంసెట్‌కి ప్రిపేరై ఉంటారు. మిగతావాళ్లకు అలా చదివిన ఫ్రెండ్ ఒక్కరైనా ఉండే ఉంటారు.

ఇళ్ల పథకాల గురించి మనం మాట్లాడుకునేదంతా ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి, ఎవరికొచ్చాయి అన్న దగ్గరే ఆగిపోతుంది. అవి ముఖ్యమైన ప్రశ్నలే. కానీ ఇల్లంటే ముప్ఫై నలభై ఏళ్ల వ్యవహారం. గృహప్రవేశం అయ్యాక ఆ ఇంట్లో బతకడానికి నెలకెంతవుతుంది? మే నెల మధ్యాహ్నం ఆ గదిలో ఒక పెద్దావిడ పడుకోగలదా? ఈ ప్రశ్నలు ఎవరూ అడగట్లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ: పేదల ఇంటికి నెలనెలా ఇచ్చే కరెంటు సబ్సిడీలో కొంత భాగాన్ని ఇల్లు కట్టే రోజునే కప్పు మీద, గోడల మీద, కిటికీల మీద, ఫ్యాన్ల మీద పెట్టాలి. అలా చేస్తే ప్రభుత్వానికి ఖర్చు తగ్గుతుంది, ఆ ఇంట్లో వాళ్లకు నిద్ర పడుతుంది. ఈ పని చేయడానికి మనలాంటి ఇంజినీరింగ్ కుర్రాళ్లు, అమ్మాయిలు చాలామంది కావాలి. ఎలాగో లెక్కేసి చూద్దాం.

బ్రిటన్‌లో దీనికో పేరుంది

బ్రిటన్‌లో దీన్ని ‘ఇంధన పేదరికం’ అంటారు. అక్కడ సమస్య చలి. ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు భరించలేక, హీటర్ ఆపేసి దుప్పట్లు కప్పుకుని కూర్చునే కుటుంబాల గురించి వచ్చిన మాట అది. బ్రెండా బోర్డ్‌మన్ అనే పరిశోధకురాలు 1991లో ఇదే పేరుతో పుస్తకం రాశారు. ఆదాయంలో 10 శాతం కంటే ఎక్కువ ఇంటి ఇంధనానికే పెట్టాల్సి వస్తే ఆ కుటుంబం ఇంధన పేదరికంలో ఉన్నట్టే అన్న కొలమానం ఆమె ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. 2000లో దీనిపై అక్కడ ఒక చట్టమే చేశారు.

ఇంగ్లండ్‌లో 2021 నుంచి వాడుతున్న కొలమానం మనకు ఇంకా బాగా పనికొస్తుంది. అందులో రెండు పరీక్షలున్నాయి. ఇంధన ఖర్చు పోగా మిగిలే ఆదాయం పేదరిక రేఖ కంటే దిగువకు పడిపోతోందా అన్నది మొదటిది. ఆ ఇంటికి ఇంధన పొదుపులో ‘డీ’ లేదా అంతకంటే తక్కువ గ్రేడ్ ఉందా అన్నది రెండోది. రెండూ అవునంటేనే ఆ కుటుంబం లెక్కలోకి వస్తుంది. అంటే, జేబుతో పాటు ఇంటికి కూడా మార్కులేస్తున్నారన్నమాట. కుటుంబం పేదదే అయినా ఇల్లు బాగా కట్టి ఉంటే బిల్లు కుంగదీయదు అన్న అవగాహన అందులో ఉంది. అలాంటి పేద కుటుంబాల ఇళ్లను వీలైనంత వరకు 2030 నాటికి ‘సీ’ గ్రేడ్‌కు తేవాలన్నది అక్కడి లక్ష్యం.

ఇది కాగితాల మీది మాటే కాదు. నార్విచ్ అనే ఊళ్లో నగర కౌన్సిల్ గోల్డ్‌స్మిత్ స్ట్రీట్ పేరుతో వంద పైచిలుకు అద్దె ఇళ్లు కట్టింది. గోడలు, కిటికీలు, ఇంటి దిశ అన్నీ లెక్క ప్రకారం కట్టడంతో హీటర్ల అవసరం బాగా తగ్గిపోయింది. బ్రిటన్‌లో భవన నిర్మాణానికి అతి పెద్ద గౌరవమైన స్టెర్లింగ్ ప్రైజ్ 2019లో ఆ ఇళ్లకే వచ్చింది. విమానాశ్రయానికో, మ్యూజియానికో కాకుండా సామాన్యులుండే కౌన్సిల్ ఇళ్లకు రావడం చిన్న విషయమేం కాదు.

మన దగ్గర చలి స్థానంలో ఎండ పెట్టుకోండి. మిగతా లెక్కంతా అదే.

జీరో బిల్లు వెనకాల

‘మాకు కరెంటు ఫ్రీనే కదా’ అంటారా? నిజమే. తెలంగాణలో గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ఉచితం. ఇవి పేద ఇంటికి పెద్ద ఊరట. తీసేయమని నేను అనట్లేదు.

కానీ 200 యూనిట్లు ఎంతసేపు వస్తాయో చూడండి. ఒక మామూలు పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. రెండు ఫ్యాన్లు రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 72 యూనిట్లు. ఫ్రిజ్‌కు 30, టీవీ, లైట్లకు 20, మిక్సీ, ఇస్త్రీ పెట్టె లాంటి వాటికి మరో 10 వేసుకోండి. 132 అయ్యాయి. ఎండలు ముదిరాక 180 వాట్ల కూలర్ రోజుకు పది గంటలు నడిపితే ఇంకో 54. మొత్తం 186. చుట్టాలొచ్చి రెండు రోజులు ఉంటే గీత దాటేస్తుంది. గృహజ్యోతిలో 200 దాటితే అదనపు యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. అందుకే మే నెలలో చాలా ఇళ్లలో మీటర్ చూసుకుంటూ కూలర్ కట్టేస్తారు. బిల్లు సున్నా వచ్చింది కాబట్టి అంతా బాగుందని ఆఫీసులో అనుకుంటాం. ఆ సున్నా కోసం ఇంట్లో ఎవరు ఉక్కపోతలో పడుకున్నారో మీటర్ చెప్పదు. ఏసీ సంగతి అసలు ఎత్తొద్దు. టన్నున్నర ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ లాగుతుంది. రోజుకు ఆరేడు గంటలు వేస్తే అదొక్కటే 200 మింగేస్తుంది.

వంట సంగతి కూడా ఇందులో భాగమే. పల్లెలో సిలిండర్ అయిపోయి డబ్బుల్లేకపోతే పెరట్లో కట్టెల పొయ్యి ముట్టిస్తారు. పొగ పీలుస్తారు గానీ వంటయితే అవుతుంది. అదే కుటుంబానికి ఐదో అంతస్తులో ఫ్లాట్ వస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది. అపార్ట్‌మెంట్‌కు మారడమంటే లిఫ్టుకు, మోటార్‌కు, నీళ్లకు, గ్యాస్‌కు నెలనెలా డబ్బు కట్టే జీవితానికి మారడం. ఇల్లు ఉచితమే, అందులో బతుకు మాత్రం కాదు.

అసలు నేరస్థుడు నెత్తి మీదే ఉన్నాడు

ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం 5 లక్షల రూపాయలిస్తోంది. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులుండాలి. అంటే కప్పు సుమారు 37 చదరపు మీటర్లు. మే నెల మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటర్ మీద పడే ఎండ 900 వాట్లకు అటూఇటూగా ఉంటుంది. మొత్తం కప్పు మీద 33 కిలోవాట్లు! రంగు వేయని సిమెంటు స్లాబు అందులో దాదాపు 70 శాతం పీల్చుకుంటుంది. కొంత పైకే గాలిలో కలిసిపోతుంది. మిగిలింది నెమ్మదిగా కిందికి దిగి సాయంత్రానికి సీలింగ్‌కు చేరుతుంది. రాత్రి ఫ్యాన్ వేస్తే వేడి గాలి ఎందుకొస్తుందో ఇప్పుడర్థమైందా? ఫ్యాన్ గాలిని చల్లబరచదు, కదిలిస్తుందంతే. కాలిన సీలింగ్ కింద పోగైన గాలినే మన మీదికి తోస్తోంది.

అదే స్లాబుకు మంచి తెల్ల పూత వేస్తే, కొత్తలో అది 70 నుంచి 80 శాతం ఎండను వెనక్కి కొడుతుంది. ఇది ఊరికే చెప్పే మాట కాదు, మన హైదరాబాద్‌లోనే కొలిచి చూశారు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు కలిసి నగర ప్రాంతంలోని వాణిజ్య భవనాల మీద చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. మామూలు సిమెంటు కప్పును తెల్లగా మారిస్తే ఏసీల కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. 2017లో దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి షీట్లు పరిచి చూశారు. లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనకండి. ఏసీ లేని ఇంట్లో రాత్రి నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య తేడా కొన్నిసార్లు అంతే ఉంటుంది.

దీని ఆధారంగానే తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పుల్ని చల్లటి కప్పులుగా మార్చాలని అందులో రాసుకుంది. ప్రభుత్వ భవనాలకు, ప్రభుత్వం కట్టించే ఇళ్లకు విస్తీర్ణంతో సంబంధం లేకుండా తప్పనిసరి చేసింది. పాలసీ బాగుంది. ఇప్పుడు అది సొంత స్థలంలో కట్టుకునే ఇందిరమ్మ ఇంటిదాకా రావాలి.

దానికి కొత్త ఆఫీసు, కొత్త కమిటీ అక్కర్లేదు. ఆ డబ్బు నాలుగు విడతల్లో వస్తుంది. ప్రతి దశలో ఇంటి ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తారు. ఆఖరి విడతకు ముందు కప్పు ఫొటో ఒకటి చేర్చండి. తెల్లగా ఉంటేనే బిల్లు పాస్. పూత ఖర్చు చదరపు అడుగుకు పాతిక రూపాయలు అనుకున్నా 10 వేలు. అంటే 5 లక్షల్లో 2 శాతం. ఆ 2 శాతాన్ని పేదవాడి నెత్తిన వేయకుండా సాయానికి అదనంగా ఇవ్వాలి.

గోడకీ కిటికీకీ రూలుంది... పేదవాడికి తప్ప

పై అంతస్తుకు కప్పు సమస్య. మరి మధ్య అంతస్తుల వాళ్లకు? అక్కడ గోడలు, కిటికీలే ముఖ్యం. ఏపీ టిడ్కో ఇళ్లను 300, 365, 430 చదరపు అడుగుల్లో షీర్ వాల్ పద్ధతిలో కట్టారు. అంటే ఇటుక గోడ ఉండదు. అల్యూమినియం అచ్చులు బిగించి గోడ, స్లాబు కలిపి కాంక్రీటే పోసేస్తారు. పని త్వరగా అవుతుంది, గట్టిగానూ ఉంటుంది. కానీ కాంక్రీటు వేడిని ఇటుక కంటే వేగంగా లోపలికి పంపిస్తుంది. పడమటి ఎండ తగిలే గోడ రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది.

మన ముందు తరాల వాళ్లకు ఈ విషయం తెలియక కాదు. రాయలసీమ మట్టి మిద్దెల గోడలు ఎంత మందంగా ఉంటాయో మీరు చూసే ఉంటారు. పెంకుటిళ్లకు ముందు వసారా ఉండేది, గోడకు నేరుగా ఎండ తగిలేది కాదు. ఇప్పుడు ఒకటిన్నర సెంటులో వసారాకు చోటేదీ అంటారా? కిటికీ మీద రెండడుగుల సజ్జకు చోటుంటుంది. ఎదురెదురుగా రెండు కిటికీలకు చోటుంటుంది. పడమటి గోడకు బోలు ఇటుకలు, తేలిక ఇటుకలు వాడటానికి అదనపు స్థలమే అక్కర్లేదు.

దేశంలో దీనికో కోడ్ కూడా ఉంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబర్‌లో ‘ఎకో నివాస్ సంహిత’ తెచ్చింది. కప్పు గుండా ఎంత వేడి దిగొచ్చు అన్నదానికి అందులో ఒక హద్దుంది. దాన్ని ‘యూ-వాల్యూ’తో కొలుస్తారు. ఆ హద్దు 1.2. మనం మామూలుగా వేసే ఐదంగుళాల స్లాబుకు ఏ పొరా వేయకపోతే ఈ విలువ మూడు దాటుతుంది. అంటే అనుమతించిన దానికి రెట్టింపు కంటే ఎక్కువ వేడి దిగుతోంది. తెరిచే వీలున్న కిటికీల విస్తీర్ణం గది నేలలో ఎంత ఉండాలో కూడా రాశారు. హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణానికి కనీసం 12.5 శాతం, విశాఖ లాంటి ఉక్కపోత ప్రాంతాలకు 16.66 శాతం.

ఇంత మంచి కోడ్ 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే నివాస భవనాల కోసం రాసింది. పెద్ద అపార్ట్‌మెంట్లు దాని కిందికొస్తాయి. 60, 70 గజాల్లో కట్టుకున్న ఒంటరి ఇల్లు రాదు. ఏసీ కొనుక్కోలేని వాడి ఇంటికే ఆ రక్షణ లేదు. చిన్న ఇంటికి పెద్ద కోడ్ పెట్టి పేదవాణ్ని పర్మిషన్ల చుట్టూ తిప్పాలని నేననను. ప్రభుత్వం లబ్ధిదారులకు ఇచ్చే నమూనా ప్లాన్లే ఆ కోడ్ ప్రకారం గీయిస్తే చాలు. ప్లాన్ ఒక్కసారి సరిగ్గా గీస్తే, లక్ష ఇళ్లకు ఉచితంగా పనికొస్తుంది.

ఇది సాధ్యమేనని రాజ్‌కోట్ చూపించింది. ‘స్మార్ట్ ఘర్-3’ పేరుతో అక్కడ ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద 1,176 ఇళ్లు కట్టారు. ఇండో-స్విస్ ప్రాజెక్టు నిపుణులు డిజైన్ దశలోనే మునిసిపల్ ఇంజినీర్లతో కూర్చుని గోడలు, కప్పు, కిటికీలు మార్పించారు. ఇళ్ల మధ్యలో పైకి వెళ్లే పైపుల ఖాళీనే గాలి లాగే గొట్టంలా వాడుకున్నారు. అవి కూడా పేదల ఇళ్లే, బడ్జెట్ కూడా సర్కారీ బడ్జెట్టే.

ఒక ఫ్యాన్ లెక్క

ఇందాకటి రెండు ఫ్యాన్ల దగ్గరికి మళ్లీ వద్దాం. 75 వాట్ల ఫ్యాన్ బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే 72 యూనిట్ల చోట 29 సరిపోతాయి. నెలకు 43 యూనిట్లు మిగులుతాయి. ఏడాదిలో తొమ్మిది నెలలు ఫ్యాన్ తిరుగుతుందనుకుంటే 387 యూనిట్లు. ఉచిత కరెంటుకు ప్రభుత్వం డిస్కంకు యూనిట్‌కు 5 రూపాయలు చెల్లిస్తుందనుకుందాం. ఏడాదికి ఒక్కో ఇంటి మీద 1,900 రూపాయలకు పైగా ఆదా. రెండు ఫ్యాన్ల ధర 5,600 అనుకున్నా మూడేళ్లలోపే డబ్బు తిరిగొచ్చేస్తుంది. ఆ తర్వాతంతా ప్రభుత్వానికి లాభమే. ఇంట్లో వాళ్లకు లాభం మొదటి నెల నుంచే. 186 యూనిట్ల ఇల్లు 143కు దిగుతుంది. కూలర్ భయం లేకుండా వేసుకోవచ్చు.

జీరో బిల్లు వస్తున్న కుటుంబం మూడు వేలు పెట్టి తనంతట తాను బీఎల్‌డీసీ ఫ్యాన్ కొనదు. ఎందుకు కొంటుంది? ఆదా అయ్యే డబ్బు ప్రభుత్వానిది. కాబట్టి ఫ్యాన్ కూడా ప్రభుత్వమే పెట్టాలి. బల్బుల విషయంలో ఇది చేసి చూపించాం. 2015 జనవరిలో మొదలైన ‘ఉజాలా’ పథకంలో టోకున కొనడం వల్ల, అంతకు ముందు ఏడాది 310 రూపాయలున్న ఎల్‌ఈడీ బల్బు సేకరణ ధర 38 రూపాయలకు పడిపోయింది. దేశమంతా 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ఫ్యాన్ల ధర అంతలా పడకపోవచ్చు. సగానికి తగ్గినా చాలు. ఇంటి తాళంతో పాటు రెండు ఫ్యాన్లు ఇవ్వండి.

లిఫ్టు ఆగితే ఎవరి బాధ్యత?

కొల్లూరులో 15,660 ఫ్లాట్లున్న డబుల్ బెడ్‌రూం కాలనీ 2023 జూన్‌లో ప్రారంభమైంది. 117 బ్లాకులు, తొమ్మిది నుంచి పదకొండు అంతస్తులు. ఇంత ఎత్తులో లిఫ్టు విలాసం కాదు. నీళ్లు పైకి ఎక్కాలంటే మోటార్ తిరగాల్సిందే. రోజుకూలీ చేసే కుటుంబాలు నెలనెలా మెయింటెనెన్స్ కట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు. కొందరు కట్టకపోతే కట్టినవాళ్లకూ లిఫ్టు ఆగుతుంది. అప్పుడు గర్భిణి అయినా, మోకాళ్ల నొప్పులున్న తాతయ్య అయినా మెట్లెక్కాల్సిందే.

ఇలాంటి చోట సోలార్‌ను ఉమ్మడి ఖర్చులకు పెట్టడం తెలివైన పని. మన ఎండకు ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు 4 యూనిట్లిస్తాయి, పది చదరపు మీటర్ల చోటు చాలు. పీఎం సూర్యఘర్ పథకంలో విడి ఇంటికి మొదటి 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేల రూపాయల సబ్సిడీ ఉంది. ఈ సంగతి చాలామందికి తెలుసు. అదే పథకంలో నివాసితుల సంఘాలకు లిఫ్టు, మోటార్, మెట్ల లైట్ల లాంటి ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు 18 వేలు ఇస్తారన్నది తక్కువ మందికి తెలుసు. మోటార్లు పగలే నడిపి ట్యాంకులు నింపుకుంటే ఆ కరెంటు అక్కడికక్కడే ఖర్చవుతుంది. పలకల నీడ పడటం వల్ల పై అంతస్తు స్లాబు కూడా కాస్త చల్లబడుతుంది. సంఘం రిజిస్టర్ చేయించి, దరఖాస్తు పెట్టించి, ఏడాది పాటు చూసుకునే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి మీలో ఒకరు ఎందుకు కాకూడదు?

‘ముందు ఇల్లు రానివ్వండి’ అనేవాళ్లకు

ఈ మాట న్యాయమైందే. ఇంకా అద్దె గదుల్లో, రేకుల కింద ఉన్నవాళ్లు ఎందరో. చల్లటి ఇల్లు పేరుతో కట్టే ఇళ్ల సంఖ్య తగ్గకూడదు. అందుకే నేను చెప్పినవన్నీ చవకవే: తెల్ల కప్పు, సజ్జ, ఎదురు కిటికీలు, రెండు ఫ్యాన్లు. ఇప్పుడు వదిలేస్తే తర్వాత ఏసీకి, కరెంటుకి, ఆస్పత్రికి అంతకు పదింతలు పెట్టాలి.

తెల్లరంగు దుమ్ముకు మాసిపోతుందన్నదీ నిజమే. అందుకే ఒక్కసారి వేసి ఫొటో దిగి వెళ్లిపోతే కుదరదు. ఏటా ఫిబ్రవరిలో కప్పులు కడిగి సున్నం కొట్టే పనిని స్వయం సహాయక సంఘాలకు అప్పజెబితే ఊళ్లోనే నాలుగు కుటుంబాలకు పని దొరుకుతుంది.

అన్నిటికంటే పెద్ద హెచ్చరిక మళ్లీ బ్రిటన్ నుంచే ఉంది. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే కౌన్సిల్ భవనానికి మరమ్మతుల్లో భాగంగా బయటి గోడలకు కొత్త తొడుగు వేశారు. అది మండే పదార్థం. 2017 జూన్ 14న ఒక ఫ్లాట్‌లో మొదలైన మంట ఆ తొడుగు పట్టుకుని భవనమంతా పాకింది. 72 మంది చనిపోయారు. అక్కడ ఉండేవాళ్లు భద్రత గురించి అంతకు ముందే మొత్తుకున్నా పట్టించుకోలేదు. ఇంధన పొదుపు పేరుతో నాసిరకం సరుకు పేదల ఇంటికి చేరితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఏ పూత వేస్తున్నారు, ఏ షీట్ పరుస్తున్నారు, దానికి నిప్పు పరీక్ష జరిగిందా అని అడిగే హక్కు ఆ ఇంటివాళ్లకుండాలి. అడిగితే చదివి చెప్పే ఇంజినీర్ పక్కన ఉండాలి.

ఇందులో మన కెరీర్ ఎక్కడుంది?

సివిల్, మెకానికల్, ఈఈఈ చదివి కూడా ‘కోర్‌లో జాబ్స్ లేవు బ్రో’ అనుకుంటూ కోడింగ్ కోర్సుల్లో చేరిపోతున్నవాళ్లు చాలామందే ఉన్నారు. కోడింగ్ నేర్చుకోండి, తప్పు లేదు. కానీ 2019లో వచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ చెబుతున్నదేంటంటే, 2037-38 నాటికి దేశంలో చల్లదనం కోసం పెరిగే డిమాండ్‌ను 20 నుంచి 25 శాతం తగ్గించాలి. ఆ పని మనుషులే చేయాలి కదా.

దారులు కొన్ని చెబుతాను. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ గుర్తింపుతో ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ పరీక్షలున్నాయి. డిగ్రీతో పాటు అనుభవం కూడా అడుగుతారు కాబట్టి ముందే ప్లాన్ చేసుకోండి. ఆర్కిటెక్చర్ వాళ్లకు విజయవాడ ఎస్‌పీఏలో సస్టైనబుల్ ఆర్కిటెక్చర్ పీజీ, ఇంజినీర్లకు అహ్మదాబాద్ సెప్ట్‌లో బిల్డింగ్ ఎనర్జీ మీద ఎంటెక్ ఉన్నాయి. ఐటీఐ, డిప్లొమా వాళ్లకు సోలార్ బిగింపులో శిక్షణ ఇచ్చే ‘సూర్యమిత్ర’ ఉంది. ఇంట్లో కూర్చుని నేర్చుకోవాలంటే ‘ఎనర్జీప్లస్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక గదిని అందులో గీసి కప్పు రంగు, కిటికీ సైజు మార్చి చూడండి. లోపలి ఉష్ణోగ్రత గంట గంటకూ ఎలా మారుతుందో కనిపిస్తుంది.

ఫైనల్ ఇయర్ వాళ్లకు ప్రాజెక్టు ఐడియా కూడా ఇదిగో. ఈఎస్‌పీ32 బోర్డు, ఒక ఉష్ణోగ్రత సెన్సర్, పాత మొబైల్ చార్జర్. ఖర్చు వెయ్యి రూపాయల లోపే. ఇలాంటివి రెండు చేయండి. మీ కాలనీలో ఒకే ప్లాన్‌తో కట్టిన రెండు ఇళ్లు ఎంచుకుని, ఇంటివాళ్లను అడిగి, ఒకదాని కప్పుకే సున్నం కొట్టండి. రెండిళ్లలోనూ మంచం ఎత్తులో సెన్సర్ పెట్టి మార్చి నుంచి మే దాకా రికార్డు చేయండి. రెండు గీతలున్న ఆ గ్రాఫ్‌ను ప్రింట్ తీసి సచివాలయంలోనో, గ్రామసభలోనో, హౌసింగ్ ఏఈ టేబుల్ మీదో పెట్టండి. రెండో ఇంటికీ సున్నం కొట్టి రావడం మర్చిపోకండి.

పని మాత్రం ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. ఎండలు ముదిరాక స్లాబు ఎక్కి సున్నం కొట్టడం ఎవరివల్లా కాదు.